పిల్లల రిపోర్టులో ‘నార్మల్’ అంటే నిజంగా నార్మలేనా? కొవ్వు పరీక్షల అంకెలు ఏం చెబుతాయి?

తొమ్మిదేళ్ల పాపకు రక్త పరీక్ష చేయించారనుకోండి. రిపోర్టులో ట్రైగ్లిజరైడ్స్ 138 అని వచ్చింది. పక్కనే ‘150 లోపు నార్మల్’ అని అచ్చయి ఉంది. ఎర్ర రంగు లేదు, పైకి చూపే బాణం లేదు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు.

కానీ ఆ 150 అనేది పెద్దవాళ్ల లెక్క. పదేళ్లు నిండని పిల్లల్లో ట్రైగ్లిజరైడ్స్ 75 లోపు ఉండాలి. 100కు చేరితే ఎక్కువ కిందే లెక్క. అంటే ‘నార్మల్’ అని చెప్పిన ఆ రిపోర్టు నిజానికి హెచ్చరిక. చాలా ల్యాబ్‌లు వయసుతో సంబంధం లేకుండా ఒకే ప్రమాణాన్ని ప్రింట్ చేస్తాయి. తండ్రి రిపోర్టులోనూ అదే 150, కూతురి రిపోర్టులోనూ అదే 150.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకంటే, కొవ్వుల పరీక్ష హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రులకే పరిమితమైన రోజులు పోయాయి. తెలంగాణ డయాగ్నస్టిక్స్ 2018లో హైదరాబాద్‌లో మొదలైంది. 2021 జూన్‌లో మరో 19 జిల్లా కేంద్రాల్లో హబ్‌లు తెరిచారు. వాటిలో నల్గొండ, మహబూబ్‌నగర్ కూడా ఉన్నాయి. రామన్నపేట లాంటి మండల కేంద్రంలో ప్రభుత్వ డాక్టర్ చీటీ రాస్తే రక్తం అక్కడే తీసుకుంటారు, నమూనా హబ్‌కు వెళ్తుంది, ఫలితం ఫోన్‌కు వస్తుంది. ఖర్చు లేదు. పరీక్ష ఊరికి దగ్గరైంది సరే, ఆ అంకెలను పిల్లల వయసుకు తగ్గట్టు చదివి చెప్పడం మాత్రం ఇంకా అంత దగ్గర కాలేదు.

వంద మందిలో 34 మంది

కేంద్ర ఆరోగ్య శాఖ 2016–18 మధ్య దేశవ్యాప్తంగా పిల్లల పోషకాహార సర్వే చేయించింది. దాని పేరు సమగ్ర జాతీయ పోషకాహార సర్వే, సీఎన్‌ఎన్‌ఎస్. లక్షా 12 వేల మందికి పైగా పిల్లలను కొలిచారు, సుమారు 51 వేల మంది నుంచి రక్త, మూత్ర నమూనాలు తీసుకున్నారు. 2019లో నివేదిక వచ్చినప్పుడు పత్రికలన్నీ రక్తహీనత మీద, ఎదుగుదల లోపం మీద రాశాయి. అది న్యాయమే. అయితే లోపలి పేజీల్లో ఉన్న ఇంకో అంకె మీద పెద్దగా చర్చ జరగలేదు.

5–9 ఏళ్ల పిల్లల్లో 34 శాతం మందికి ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువగా ఉన్నాయి. 10–19 ఏళ్ల వాళ్లలో అది 16 శాతం. మంచి కొలెస్ట్రాల్ అని మనం పిలిచే హెచ్‌డీఎల్ చిన్న పిల్లల్లో 26 శాతం మందికి, పెద్ద పిల్లల్లో 28 శాతం మందికి తక్కువగా ఉంది. అదే సర్వేలో అధిక బరువున్న పిల్లలెందరు? 5–9 ఏళ్లలో 4 శాతం, 10–19 ఏళ్లలో 5 శాతం.

ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. లావుగా ఉన్నవాళ్లు నలుగురు, రక్తంలో కొవ్వు ఎక్కువున్నవాళ్లు ముప్పై నలుగురు. అంటే మిగతా వాళ్లలో ఎక్కువమంది మామూలుగానో, సన్నగానో కనిపించే పిల్లలే. ‘మా వాడు బక్కగనే ఉంటడు, వాడికేం కొవ్వు’ అనే మాట నిలబడదు. చిన్న పిల్లలకు హద్దు 100, పెద్ద పిల్లలకు 130 కాబట్టి చిన్నవాళ్ల శాతం కొంత ఎక్కువగా కనిపిస్తుందనేది నిజమే. అయినా మూడింట ఒక వంతు చిన్న సంఖ్య కాదు.

మన రాష్ట్రం విషయానికొస్తే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు నాలుగో విడతలో 0.7 శాతం ఉండగా ఐదో విడతకు 3.4 శాతానికి చేరింది. అదే కాలంలో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు 28 నుంచి 33.1 శాతానికి పెరిగారు. పొట్టితనం, లావు రెండూ కలిసి పెరుగుతున్నాయి. ఒకదానికి మందు వేస్తే రెండోది దానంతటదే పోదు.

రక్తంలో కొవ్వు ఎలా తిరుగుతుంది?

చారు మీద తాలింపు నూనె బొట్లు ఎలా తేలతాయో తెలుసు కదా. నీళ్లలో కొవ్వు కరగదు. రక్తం కూడా చాలా వరకు నీళ్లే. అందుకని శరీరం కొవ్వును ప్రొటీన్ తొడుగులో చుట్టి చిన్న చిన్న మూటలుగా పంపిస్తుంది. ల్యాబ్ రిపోర్టులో కనిపించే ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్, వీఎల్‌డీఎల్ అన్నీ ఆ మూటల పేర్లే. ట్రైగ్లిజరైడ్ అనేది మూటలోని సరుకు. అది ఇంధనం. ఖర్చు కాకపోతే పొట్ట దగ్గరో, చర్మం కిందో నిల్వ అవుతుంది. కొలెస్ట్రాల్ వేరు. అది కణాల గోడలకు, హార్మోన్లకు కావాల్సిన ముడి సరుకు. పిల్లల ఎదుగుదలకు అది అవసరం కూడా.

తిన్న నూనె, నెయ్యి పేగుల నుంచి ఒక రకం మూటల్లో బయల్దేరుతుంది. రెండో దారి కాలేయం నుంచి. ఎక్కువగా తిన్న అన్నం, చక్కెర, మైదా, తీపి పానీయాలలో ఒళ్లు వాడుకోని భాగాన్ని కాలేయం కొవ్వుగా మార్చగలదు. ఆ కొవ్వును వీఎల్‌డీఎల్ మూటల్లో కట్టి రక్తంలోకి వదులుతుంది. ‘మేం నూనె తక్కువే వాడతాం, మరి ఇదెక్కడి నుంచి వచ్చింది’ అని అడిగే తల్లిదండ్రులకు జవాబు తరచుగా ఇక్కడే దొరుకుతుంది. కంచంలో కొవ్వు లేకపోయినా రక్తంలో కొవ్వు పెరగొచ్చు.

దీనికంతటికీ మేస్త్రీ ఇన్సులిన్. తిన్న తర్వాత ‘ఇక నిల్వ కొవ్వును కరిగించొద్దు’ అని శరీరానికి చెప్పేది అదే. ఒంట్లో, ముఖ్యంగా పొట్ట లోపల, కాలేయంలో కొవ్వు పేరుకుంటే ఇన్సులిన్ మాట సాగదు. దీన్నే ఇన్సులిన్ నిరోధకత అంటారు. అప్పుడు నిల్వల నుంచి కొవ్వు ఆమ్లాలు ఆగకుండా కాలేయానికి వస్తుంటాయి, కాలేయం మరిన్ని మూటలు కడుతుంటుంది. ట్రైగ్లిజరైడ్స్ పెరుగుతాయి. ఆ మూటలు హెచ్‌డీఎల్‌తో సరుకు మార్చుకోవడం వల్ల హెచ్‌డీఎల్ త్వరగా అరిగిపోయి తగ్గుతుంది. అందుకే ఈ రెండూ సాధారణంగా జంటగా కనిపిస్తాయి. ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ అని పిల్లల రిపోర్టులో వస్తే డాక్టర్లు కొలెస్ట్రాల్ కంటే ముందు ఇన్సులిన్ గురించి ఆలోచించేది అందుకే.

దీనికి బయటి గుర్తు ఒకటుంది. మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా మారుతుంది. మట్టి అనుకుని పీచు పెట్టి రుద్దే ఇళ్లు చాలా. అది రుద్దితే పోయేది కాదు. ఇన్సులిన్ ఎక్కువైనప్పుడు వచ్చే మార్పు.

మన పక్క ఊళ్ల పిల్లలే చెప్పిన కథ

లావు ముందా, రక్తంలో మార్పులు ముందా? ఈ ప్రశ్నకు సమాధానం వెతికిన కొన్ని మంచి అధ్యయనాలు మన దేశానివే.

పుణె పరిశోధకులు అక్కడి నవజాత శిశువులను ఇంగ్లండ్ శిశువులతో పోల్చారు. మన పిల్లల సగటు బరువు సుమారు 2.7 కిలోలు, అక్కడి పిల్లలది 3.5 కిలోలు. బరువులో ఇంత తేడా ఉన్నా చర్మం కింది కొవ్వులో ఆ మేరకు తేడా లేదు. తగ్గింది కండ, అవయవాలు. బొడ్డుతాడు రక్తంలో లెప్టిన్, ఇన్సులిన్ బరువుకు మించి ఉన్నాయి. లెప్టిన్ అంటే కొవ్వు కణాలు విడుదల చేసే హార్మోన్, ఒంట్లో ఎంత కొవ్వుందో మెదడుకు చెబుతుంది. డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ దీనికి పెట్టిన పేరు ‘సన్నని–లావు’ భారతీయ శిశువు.

ఢిల్లీలో పుట్టినప్పటి నుంచి గమనించిన 1,492 మందిని 26–32 ఏళ్ల వయసులో పరీక్షించారు. ఫలితాలు 2004లో వచ్చాయి. మధుమేహం, దాని ముందు దశ కనిపించినవాళ్లు ఏడాది వయసు ప్రాంతంలో సన్నగా ఉన్నవాళ్లు. ఆ తర్వాత తోటివారి కంటే ముందుగా ఒళ్లు చేయడం మొదలైంది. పన్నెండేళ్లకు వాళ్లలో ఊబకాయులు అనదగ్గవాళ్లు ఒక్కరూ లేరు.

మూడోది మన దగ్గరిది. హైదరాబాద్ శివారు రంగారెడ్డి పల్లెల్లో, అంటే నల్గొండ సరిహద్దుకు ఇవతలే, 1987–90లో జాతీయ పోషకాహార సంస్థ ఒక ప్రయోగం చేసింది. మొత్తం 29 ఊళ్లు. 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు అంగన్‌వాడీ ద్వారా అదనపు ఆహారం అందింది. మొక్కజొన్న–సోయా మిశ్రమంతో వండిన ఉప్మా అది. మిగతా 14 ఊళ్లకు అప్పటికి ఆ కార్యక్రమం రాలేదు. ఆ పిల్లలకు 13–18 ఏళ్లు వచ్చాక లండన్ పరిశోధకులతో కలిసి 1,165 మందిని మళ్లీ పరీక్షించారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. ఇన్సులిన్ నిరోధకత దాదాపు 20 శాతం తక్కువగా ఉంది, రక్తనాళాల బిరుసుతనం కూడా తక్కువే. అయితే రక్తంలోని కొవ్వుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఈ చివరి మాట దాచిపెడితే కథ ఇంకా బాగుండేది. కానీ అసలు పాఠం అందులోనే ఉంది. కడుపులో ఉన్నప్పుడు, మొదటి ఏళ్లలో అందిన తిండి ఇన్సులిన్ పనితీరును కొంత గట్టి చేయగలదు. ఆ తర్వాత పదేళ్లలో ఏం తిన్నారు, ఎంత కదిలారు అన్నదాన్ని మాత్రం అది చెరిపేయలేదు.

ఇక ప్రశ్నకు జవాబు: రెండు వైపులా నడుస్తుంది. బరువు పెరిగితే కొవ్వుల లెక్క చెడుతుంది. పుట్టుకతో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ ఉన్న ఒంట్లో బరువు పెరగకముందే లెక్క చెడటం మొదలుకావచ్చు. ‘మీ బిడ్డ ఫలానా వయసుకు ఊబకాయుడవుతాడు’ అని ముందే కచ్చితంగా చెప్పే రక్త పరీక్ష మాత్రం వాడుకలో ఏదీ లేదు. లెప్టిన్, అడిపోనెక్టిన్ లాంటివి పరిశోధనకు ఉపయోగపడేవి. పిల్లల ‘హెల్త్ ప్యాకేజీ’లో వాటికి వేలు పోయడం దండగ.

ఏ అంకె ఎంత ఉండాలి?

అమెరికా నిపుణుల బృందం 2011లో ఇచ్చిన ప్రమాణాలనే మన డాక్టర్లూ ఎక్కువగా వాడతారు. మొత్తం కొలెస్ట్రాల్ 170 లోపు మంచిది, 200 నుంచి ఎక్కువ. ఎల్‌డీఎల్ 110 లోపు ఉండాలి, 130 నుంచి ఎక్కువ. హెచ్‌డీఎల్ 45 దాటితే మేలు, 40 కంటే తగ్గితే తక్కువ. ట్రైగ్లిజరైడ్స్ తొమ్మిదేళ్ల వయసు వరకు 75 లోపు, 10–19 ఏళ్లలో 90 లోపు ఉండాలి. మొదటివాళ్లకు 100, రెండోవాళ్లకు 130 దాటితే ఎక్కువ. ఈ లైన్‌ను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే రిపోర్టు వచ్చిన రోజు పనికొస్తుంది.

రిపోర్టులో తరచూ కనిపించని, కానీ మీరే వేసుకోగల లెక్క మరొకటి ఉంది. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌ను తీసేయండి. మొత్తం 178, హెచ్‌డీఎల్ 36 అయితే మిగిలేది 142. దీన్ని నాన్‌–హెచ్‌డీఎల్ అంటారు. 120 లోపు మంచిది, 145 నుంచి ఎక్కువ. కాబట్టి 142 అంచు మీదుంది. దీనికి పరగడుపు అక్కర్లేదు. పొద్దున్నే ఆకలికి ఆగలేని పిల్లల విషయంలో ఇదొక పెద్ద వెసులుబాటు.

ట్రైగ్లిజరైడ్స్ మాత్రం తిన్న కొద్ది గంటల్లో పెరుగుతాయి. వాటి కోసం 9 నుంచి 12 గంటలు ఏమీ తినకుండా ఉండాలి, మంచినీళ్లు తాగొచ్చు. ప్రభుత్వాసుపత్రిలో ఓపీ మొదలయ్యేసరికి పొద్దెక్కుతుంది. అందుకే ఒకరోజు వెళ్లి డాక్టర్‌తో చీటీ రాయించుకుని, నమూనా ఎన్నింటికి తీస్తారో అడిగి, మర్నాడు పరగడుపున తీసుకెళ్లడం మేలు. సంచిలో టిఫిన్ డబ్బా పెట్టుకోండి. జ్వరంతో ఉన్నప్పుడు ఈ పరీక్ష వద్దు, అంకెలు మారిపోతాయి. ఒక్క రిపోర్టుతో నిర్ణయానికీ రావద్దు. రెండు వారాల తర్వాత, మూడు నెలల లోపు మళ్లీ చేసి సగటు చూడాలన్నది ఆ నిపుణుల సూచనే.

ఎవరికి అవసరం?

ప్రతి పిల్లాడికీ ఏటా చేయించాల్సిన పని లేదు. అమెరికాలో 9–11 ఏళ్ల మధ్య ఒకసారి, 17–21 మధ్య మరోసారి అందరికీ చేయమంటారు. యుక్తవయసు వచ్చే సమయంలో కొలెస్ట్రాల్ సహజంగా కొంత తగ్గుతుంది, ఆ నడుమ చేస్తే తప్పుదారి పట్టిస్తుందని ఆ మధ్య కాలం వదిలేశారు. మన దగ్గర అందరికీ చేసే విధానం లేదు. బరువు ఎక్కువున్న పిల్లలకు, మెడ నల్లబడినవాళ్లకు, ఇంట్లో షుగరు లేదా చిన్న వయసులో గుండెపోటు వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లకు అడగడం సబబు.

సూది కంటే ముందు ఇంట్లో టేపు ఉంది. బొడ్డు దగ్గర నడుము చుట్టుకొలత ఎత్తులో సగం కంటే తక్కువ ఉండాలి. 138 సెంటీమీటర్ల ఎత్తున్న పిల్లాడి నడుము 69 దాటకూడదు. ఆరేళ్లు దాటిన పిల్లలకు ఇది సులువైన కొలత. బీఎంఐని మాత్రం పెద్దల 25, 30 హద్దులతో చూడొద్దు. పిల్లలకు వయసు, ఆడ–మగ తేడాను బట్టి భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2015లో ఇచ్చిన చార్టులున్నాయి.

ఇంకో చిన్న వర్గం ఉంది. పిల్లాడు సన్నగా ఉంటాడు, ట్రైగ్లిజరైడ్స్ బాగుంటాయి, ఎల్‌డీఎల్ మాత్రం 190 దాటి ఉంటుంది. ఇది తిండి వల్ల వచ్చేది కాదు, వంశపారంపర్యం. ఆ ఇంట్లో తల్లికో తండ్రికో కూడా ఉండే అవకాశం ఎక్కువ, కాబట్టి అందరూ చేయించుకోవాలి. ఇలాంటివాళ్లకు పదేళ్ల వయసు ప్రాంతంలోనే మందు అవసరపడొచ్చు. అది నిపుణులు తేల్చాలి. రామన్నపేట మీదుగా వెళ్లే రైలు మార్గం బీబీనగర్ వైపే పోతుంది, అక్కడ ఎయిమ్స్ ఉంది. హైదరాబాద్‌లో నిలోఫర్ ఉంది. తాత వేసుకునే కొలెస్ట్రాల్ గోలీని సగం విరిచి పిల్లాడికి వేయడం మాత్రం వద్దే వద్దు. ట్రైగ్లిజరైడ్స్ 500 దాటితే ఆలస్యం చేయకూడదు. క్లోమం వాచే ప్రమాదం ఉంటుంది.

బడికి వచ్చే బృందం ఏం చూస్తుంది?

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, ఆర్‌బీఎస్‌కే, 2013లో మొదలైంది. వాహనంలో డాక్టర్ల బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వస్తుంది. 18 ఏళ్లలోపు పిల్లల్లో 30 రకాల సమస్యలు వెతకాలన్నది లక్ష్యం. ఆ మొదటి జాబితాలో రక్తహీనత ఉంది, తీవ్ర పోషకాహార లోపం ఉంది, రికెట్స్ ఉంది, గాయిటర్ ఉంది. ఊబకాయం లేదు. పన్నెండేళ్ల కింద అది వింతేమీ కాదు. బక్కపలచని పిల్లల కోసం తయారైన జాబితా అది. బృందం ఎత్తు, బరువు ఎలాగూ రాసుకుంటుంది. కాబట్టి ఆ రోజు ‘మా బాబు బీఎంఐ ఎంత, వయసుకు తగ్గట్టుందా’ అని అడగండి. ప్రైవేటు బడుల పిల్లలకు ఈ బృందమూ రాదు. లావు ఎక్కువగా కనిపించేది కాస్త కలిగిన ఇళ్లలోనే అన్నది సీఎన్‌ఎన్‌ఎస్ కూడా గమనించింది. అంటే చూసే బృందం ఒకచోట, సమస్య ఎక్కువున్నవాళ్లు మరోచోట.

బడి గేటు ముందు సంగతి కూడా ఉంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలను బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ అమ్మకూడదని ఆహార భద్రత సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. మీ పిల్లల బడి ముందు ఒకసారి నిలబడి చూస్తే అమలు ఎంతో తెలుస్తుంది. పేరెంట్స్ మీటింగ్‌లో మార్కులతో పాటు ఈ ప్రశ్న కూడా అడగొచ్చు.

ఎంత కాలంలో తగ్గుతుంది?

ట్రైగ్లిజరైడ్స్‌కు ఒక మంచి గుణం ఉంది. ఎంత త్వరగా పెరుగుతాయో అంత త్వరగా దిగుతాయి. కాలిఫోర్నియాలో ఊబకాయమున్న 43 మంది పిల్లలకు తొమ్మిది రోజులు చక్కెర తగ్గించి, మొత్తం కేలరీలు మాత్రం తగ్గకుండా భోజనం పెట్టారు. ఆ తొమ్మిది రోజుల్లోనే ట్రైగ్లిజరైడ్స్ తగ్గాయి.

కాబట్టి మొదట తీయాల్సింది సీసాల్లోని తీపి. కూల్‌డ్రింక్, ప్యాకెట్ జ్యూస్, పాలలో రెండు చెంచాల పొడి. తర్వాత అన్నం కుప్ప. సన్నబియ్యం అందరికీ అందుతున్నందుకు సంతోషమే, కానీ కంచంలో మూడొంతులు అదే అయితే కాలేయానికి పని ఎక్కువ. పప్పు, గుడ్డు, కూర పెరిగితే అన్నం దానంతటదే తగ్గుతుంది. జొన్న రొట్టె ఈ నేలకు కొత్తేమీ కాదు, రాత్రిపూట దాన్ని తెచ్చుకోవడం కష్టమూ కాదు. పిల్లలను పస్తులు ఉంచడం, ఎదిగే వయసులో నెయ్యి, పాలు పూర్తిగా మాన్పించడం మాత్రం తప్పు. బరువు తగ్గకపోయినా ఫర్వాలేదు. ఎత్తు పెరుగుతూ బరువు అక్కడే ఆగితే చిన్న పిల్లలకు అది చాలా మంచి ఫలితం. రోజుకు గంట ఆట అనేది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొలత. హెచ్‌డీఎల్ పెరగడానికి తిండి కంటే అదే ఎక్కువ పనిచేస్తుంది, అదీ నెమ్మదిగా.

తిండి, ఆట మార్చి ఆరు నెలలు చూశాక కూడా ఎల్‌డీఎల్ దిగకపోతే అప్పుడు డాక్టర్లు తర్వాతి మెట్టు ఆలోచిస్తారు. ఈలోగా థైరాయిడ్, మూత్రపిండాల సమస్య, స్టెరాయిడ్ మందులు లాంటి కారణాలున్నాయేమో చూడమని అడగండి. రెండోసారి పరీక్షకు వెళ్లేటప్పుడు పాత రిపోర్టు మెసేజ్ ఫోన్‌లో ఉంచుకోండి. నంబరు మారితే పాత ఫలితం దొరకడం కష్టం. చీటీ రాసేటప్పుడు పిల్లల వయసు సరిగ్గా పడిందో లేదో కూడా చూసుకోండి.